వంటకు పరీక్ష

పత్రికలో చదివిన వంటకాన్నో, పొరుగింటివారు చెప్పిన కూరనో రాత్రి భోజనానికి ఇంటిలో చేసి చూడటం అందరికీ అలవాటే. చెప్పినవన్నీ చెప్పినట్లే వేసినా ఒక్కొక్కసారి ఆ రుచి రాదు. అప్పుడు "అది వారి చేతి మహిమ" అని సరిపెట్టుకుంటాము.

శాస్త్రజ్ఞుడు ఇట్లు సరిపెట్టుకొనడు. ఒకరు చేసిన ప్రయోగాన్ని మరియొకరు మరియొక చోట చేసినప్పుడు అదే ఫలితం రావలెను. రాకపోతే మొదటివారు వ్రాసిన వివరాలలో ఏదో లోపమైనా ఉండవలెను, లేదా వారు చెప్పిన కారణమే తప్పయినా కావలెను. వంటవిధానం కూడా ఒక ప్రయోగ వివరణయే. ఇన్ని పాళ్ళు తీసుకొని, ఇంత వేడిమిలో, ఇంతసేపు ఉంచితే ఈ ఫలితం వస్తుందని అది మనకు చెప్పుచున్నది. మరి వంటవిధానాలను పరీక్షించి వ్రాయటం ఎప్పుడు మొదలైనది? ఆ పరీక్షకు నిలిచినవేవి, నిలువలేనివేవి? ఈ చరిత్రలో రాజులు, సేనాధిపతులు లేరు గాని, ఒక గొప్ప రసాయనశాస్త్రవేత్త మాటకు, వంటింటిలోని త్రాసుకు మధ్య సుమారు నూరేండ్లు సాగిన తగవు ఉన్నది.

తగినంత అనే మాట

పూర్వపు పాకగ్రంథాలు చాలవరకు వంట తెలిసినవారి కోసమే వ్రాయబడినవి. రోమనుల కాలపు వంటలు గల అపీసియస్ గ్రంథంలో దినుసుల పేర్లు వరుసగా ఉంటవి గాని, ఏది ఎంత వేయవలెనో అరుదుగా తప్ప ఉండదు. మన ఆయుర్వేదం ఈ విషయంలో కొంత ముందంజ వేసినది. బియ్యానికి ఐదు రెట్లు నీరు పోస్తే అన్నమనీ, ఆరు రెట్లు పోస్తే యవాగువనీ, పదునాలుగు రెట్లు పోస్తే మండమనీ అది నిష్పత్తులు చెప్పినది. రోగికి పథ్యం పెట్టేటప్పుడు "తగినంత" అంటే సరిపోదు కదా.

తెలుగునాట ధాన్యం కొలవటానికి గిద్ద, సోల, తవ్వ, మానిక మొదలైన కొలతలుండేవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బియ్యం, పప్పు ఈ పాత్రలతో కొలిచినా, ఉప్పు, కారం, పులుపు మాత్రం చిటికెడు, పిడికెడు, నిమ్మకాయంత అనే లెక్కలోనే ఉండిపోయినవి. తల్లి ప్రక్కన నిలబడి నేర్చుకొనే కూతురికి ఈ లెక్క చాలును. వ్రాసినదానిని దూరదేశంలో చదివి చేయబోయే వానికి చాలదు.

ఎముకలు జున్నువలె మెత్తబడిన విందు

వంటను కొలతలతో కూడిన ప్రయోగంగా చేసి చూపినవారిలో మొదట చెప్పదగినవాడు డెనిస్ పాపిన్. ఇతడు 1647లో ఫ్రాన్సులో జన్మించినాడు. లండనులో రాబర్ట్ బాయిల్‌తో కలిసి పనిచేసినాడు. 1679లో గట్టిగా మూత బిగించిన ఒక లోహపు పాత్రను రాయల్ సొసైటీ సభ్యులకు చూపినాడు. ఆవిరి బయటికి పోకపోవుటచే పాత్రలో పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగినకొద్దీ నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. మామూలు పీడనంలో 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరిగే నీరు, పీడనం రెండింతలైనప్పుడు సుమారు 120 డిగ్రీల వద్ద గాని మరగదు. అందువల్ల పదార్థం త్వరగా ఉడుకుతుంది. పాత్ర పగిలిపోకుండా అధికమైన ఆవిరిని వదలే రక్షక కవాటాన్ని కూడా పాపిన్ అమర్చినాడు. నేటి ప్రెషర్ కుక్కరుకు ఇదే మూలపురుషుడు.

ఆ రోజులలో నమ్మదగిన ఉష్ణమాపకాలు లేవు. అయినా పాపిన్ ఊరకుండలేదు. పాత్ర మూతమీద గుంటలో ఒక నీటి చుక్క వేసి, అది ఆవిరి కావటానికి ఎంతసేపు పట్టినదో లోలకంతో లెక్కించినాడు. చుక్క ఎంత త్వరగా ఎగిరిపోతే వేడిమి అంత ఎక్కువ అన్నమాట. ఎంత బొగ్గు కాలినదో కూడా వ్రాసుకున్నాడు. 1682 ఏప్రిల్ 12న అతడు సొసైటీ సభ్యులకు ఈ పాత్రలో వండిన చేపలు, మాంసంతో విందు చేసినాడు. గట్టి ఎముకలు సైతం జున్నువలె మెత్తబడినవనీ, అందుకు ఎనిమిది ఔన్సుల బొగ్గు కూడా కాలలేదనీ, ఆ విందులో ఉన్న జాన్ ఎవెలిన్ తన దినచర్యలో వ్రాసినాడు. ఎనిమిది ఔన్సులంటే మన లెక్కలో పావుకిలోకు కొంచెం తక్కువ.

త్రాసులో రెండు తొడలు

పాపిన్ తరువాత సుమారు నూరేండ్లకు మరియొక ప్రయోగశీలి వంటింటిలో ప్రవేశించినాడు. ఇతడు కౌంట్ రంఫర్డ్ అనే బిరుదుతో ప్రసిద్ధుడైన బెంజమిన్ థాంప్సన్. ఫిరంగి గొట్టాలకు బెజ్జం వేసేటప్పుడు పుట్టే వేడిమిని పరిశీలించి, ఉష్ణం ఒక ద్రవ్యం కాదని 1798లో వాదించినవాడు ఇతడే. మ్యూనిక్ నగరంలో బీదలకు భోజనం పెట్టే పనిని నిర్వహించినప్పుడు, తక్కువ కట్టెలతో ఎక్కువమందికి వండటం ఎట్లాగని ఇతడు ఎన్నో పరీక్షలు చేసినాడు.

రంఫర్డ్ ఇనుముతో ఒక మూసిన పొయ్యి తయారుచేసినాడు. మంట ఎదుట చువ్వకు గ్రుచ్చి త్రిప్పుతూ కాల్చిన మాంసమే రుచిగా ఉంటుందని ఆనాటివారి నమ్మకం. దీనిని తేల్చటానికి అతడు ఒకే గొర్రెనుండి రెండు తొడలు తీసి, రెంటినీ సమానమైన బరువుకు సరిచేయించినాడు. ఒకదానిని మంట ఎదుట, రెండవదానిని తన పొయ్యిలో కాల్పించి, తిరిగి తూచినాడు. పొయ్యిలోనిది నూటికి సుమారు ఆరు వంతులు ఎక్కువ బరువు తూగినది. అనగా దానిలో రసం ఎక్కువ మిగిలినది. పిమ్మట రెంటినీ అతిథులకు వడ్డించి ఏది బాగున్నదో అడిగినాడు. ఒకే జంతువు, ఒకే బరువు, మార్చినది ఒక్క పొయ్యి మాత్రమే. ఇది నిర్దుష్టమైన ప్రయోగ పద్ధతి.

మరియొక సంగతి అతనికి యాదృచ్ఛికంగా తెలిసినది. బంగాళాదుంపలు ఎండబెట్టే యంత్రంలో ఒక మాంసపు ముక్కను ఉంచి, మూడు గంటల తరువాత చూస్తే అది ఉడకలేదు. ఆ వేడిమి చాలదని అతడు విడిచిపెట్టినాడు. వంటమనుషులు దానిని రాత్రి అంతా అందులోనే ఉంచినారు. ఉదయం చూస్తే అది చక్కగా ఉడికి, మృదువుగా, రుచిగా ఉన్నది. నీరు మరిగే వేడిమికన్న తక్కువ వేడిమిలో కూడా, కాలం ఎక్కువ ఇచ్చినచో మాంసం ఉడుకుతుందని దీనివల్ల తేలినది. రంఫర్డ్ ఈ విషయం గ్రంథస్థం చేసినా, చాలాకాలం దీనిని ఎవరూ పట్టించుకొనలేదు.

ఒక ఇంటి వంటగది

ఇంతవరకు చెప్పినవి శాస్త్రజ్ఞుల ప్రయోగాలు. మామూలు ఇంటిలో, మామూలు పొయ్యి మీద, ప్రతి వంటకాన్ని చేసి చూచి మరీ వ్రాసిన కీర్తి ఎలైజా ఆక్టన్ అనే ఆంగ్ల వనితకు దక్కుతుంది. ఆమె 1799లో జన్మించినది. మొదట కవిత్వం వ్రాసి 1826లో ఒక సంపుటి ప్రకటించినది. తరువాత టన్‌బ్రిడ్జి అనే ఊరిలో ఉంటూ, యాన్ కర్బీ అనే పనిమనిషి సహాయంతో, తన వంటగదిలోనే వంటకాలను పరీక్షిస్తూ వచ్చినది. 1845లో ఆమె గ్రంథం వెలువడినది. పెద్ద మహళ్ళకు గాక సామాన్య కుటుంబాలకై అది ఉద్దేశింపబడినది.

ఆ గ్రంథంలో ఒక కొత్త పద్ధతి ఉన్నది. ప్రతి వంటకం చివర దినుసులు ఎంతెంత, ఎంతసేపు వండవలెను అనే వివరాలను విడిగా కూర్చి ఇచ్చినది. ఈనాడు మనకిది సహజంగా తోస్తుంది గాని, ఆనాడు వంటపుస్తకాలలో ఇట్టి ఏర్పాటు లేదు. 1861లో ఇసబెల్లా బీటన్ ప్రకటించిన సుప్రసిద్ధ గృహనిర్వహణ గ్రంథంలో దినుసుల పట్టిక వంటకానికి ముందు చేరినది. ఆక్టన్ వంటకాలు అనేకం పేరు చెప్పకుండానే ఆ గ్రంథంలోనికి ఎక్కినవి.

ఆక్టన్ గ్రంథంలో మన దేశపు కూరలకు కూడా చోటు దొరికినది. అందులోని ఒక కూరపొడికి పసుపు ఎనిమిది ఔన్సులు, ధనియాలు నాలుగు, జీలకర్ర రెండు, మెంతులు రెండు, మిరపపొడి అర ఔన్సు. ధనియాలకు రెట్టింపు పసుపు చూచి తెలుగు ఇల్లాలు నవ్వవచ్చును. కాని అట్లు నవ్వగలగటానికి కారణం అక్కడ కొలతలుండటమే. "పసుపు, ధనియాలు తగినంత" అని వ్రాసి ఉంటే తప్పు పట్టటానికే వీలుండేది కాదు. కొలత వ్రాసినవారు తమ తప్పు దిద్దే అవకాశాన్ని కూడా ఇతరులకు ఇస్తారు.

మహాశాస్త్రవేత్త మాట

సరిగా ఈ కాలంలోనే జర్మనీ దేశపు రసాయనశాస్త్రవేత్త యూస్టస్ లీబిగ్ వంట విషయంలో ఒక సిద్ధాంతం చెప్పినాడు. సేంద్రియ రసాయనశాస్త్రానికి పునాదులు వేసినవారిలో అతడు ఒకడు. గీసెన్ నగరంలో అతని ప్రయోగశాలకు అనేక దేశాల విద్యార్థులు వచ్చేవారు. 1847లో ఆహార రసాయనశాస్త్రంపై వ్రాసిన గ్రంథంలో, మాంసాన్ని మొదటనే తీవ్రమైన వేడిమికి గురిచేస్తే పైపొరలోని మాంసకృత్తులు గడ్డకట్టి ఒక పెచ్చుగా ఏర్పడుననీ, ఆ పెచ్చు లోపలి రసాన్ని బయటికి పోనీయదనీ అతడు చెప్పినాడు.

ఈ సిద్ధాంతం వినటానికి ఎంతో సబబుగా ఉన్నది. వేడి తగిలితే కోడిగ్రుడ్డు తెల్లసొన గట్టిపడటం ఎవరైనా చూచినదే. అంతకుముందు వంటవారు మాంసాన్ని మంటకు దూరంగా ఉంచి కాల్చి, చివర మాత్రమే ఎర్రబరచేవారు. లీబిగ్ మాట ప్రచారమైన తరువాత మొదటనే పెద్ద మంట తగిలించటం ఆచారమైనది. 1855లో ఎలైజా ఆక్టన్ తన గ్రంథాన్ని మార్చి ప్రకటించినప్పుడు, లీబిగ్ సూత్రాలను వీలైనంతవరకు అనుసరించినట్లు ముఖపత్రంమీదనే ప్రకటించినది. 1903లో ఫ్రెంచి వంటశాస్త్రంలో పెద్దగా పేరుపొందిన ఎస్కాఫియే గ్రంథం కూడా ఈ అభిప్రాయాన్నే అంగీకరించినది. ప్రతి పులుసునూ, ప్రతి రొట్టెనూ స్వయంగా పరీక్షించిన ఆక్టన్ సైతం, ఈ ఒక్కచోట శాస్త్రవేత్త పేరునే ప్రమాణంగా తీసుకున్నది. పెచ్చు కట్టిన మాంసాన్నీ, కట్టని మాంసాన్నీ ప్రక్కప్రక్కన ఉంచి ఎవరూ తూచలేదు. రంఫర్డ్ చూపిన త్రాసు అందుబాటులోనే ఉన్నది.

చదును చేసిన చెంచా

ఇంతలో కొలతల విషయంలో మరియొక ముందడుగు పడినది. అమెరికాలో బోస్టను నగరపు వంట పాఠశాలకు అధ్యక్షురాలైన ఫానీ ఫార్మర్ 1896లో ఒక గ్రంథం ప్రకటించినది. అది అమ్ముడుపోదని భయపడిన ప్రకాశకులు మొదటి మూడువేల ప్రతులను రచయిత్రి ఖర్చుమీదనే అచ్చువేసినారు. తరువాత అది లక్షల ఇళ్ళకు చేరినది.

ఒకే పరిమాణం గల గిన్నె, చెంచా ఉపయోగించవలెననీ, వాటిని గుట్టగా గాక నిండుగా నింపి కత్తి వీపుతో పైభాగం చదును చేయవలెననీ ఆమె నియమం పెట్టినది. గుట్టగా తీసిన చెంచాడులో ఎంత ఉన్నదో తీసేవాని చేతినిబట్టి మారిపోతుంది. చదును చేసిన చెంచా ఎవరి చేతిలోనైనా ఒకటే. అయితే జల్లించిన పిండి ఒక గిన్నెలో తక్కువ బరువు, అదిమిన పిండి అదే గిన్నెలో ఎక్కువ బరువు ఉంటుంది. అందుచే గిన్నెకన్న త్రాసు మేలు. కాని ప్రతి ఇంటిలో త్రాసు లేని రోజులలో చదును చెంచా గొప్ప ఉపకారమే.

సిద్ధాంతం వీగిపోయిన విధం

కొలతలు, ఉష్ణమాపకాలు వంటకళాశాలలకు చేరిన తరువాత 1930వ దశకంలో అమెరికాలో లీబిగ్ సిద్ధాంతాన్ని పరీక్షించినారు. మొదట తీవ్రమైన వేడిమి తగిలించిన మాంసం, మితమైన వేడిమిలో కాల్చిన మాంసంతో సమానంగానో, అంతకన్న ఎక్కువగానో బరువు కోల్పోయినది. పెచ్చు నీటిని ఆపలేదు. ఆలోచిస్తే దీనికి సాక్ష్యం ప్రతి మూకుడులోనూ వినిపిస్తూనే ఉన్నది. మాంసం వేగుతున్నంతసేపు వినిపించే చిటపట ధ్వని, లోపలినుండి వచ్చే నీరు వేడి లోహాన్ని తాకి ఆవిరి అయ్యే ధ్వనియే. పెచ్చు నీటిని బంధించి ఉంటే ఆ చప్పుడు ఆగిపోవలెను.

మరి ఎర్రగా వేగిన మాంసం రుచిగా ఉండటం అబద్ధమా? కాదు. ఫలితం నిజమే, చెప్పిన కారణమే తప్పు. 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామీయ్ మైయార్, చక్కెరలు, అమినో ఆమ్లాలు కలిపి వేడిచేస్తే గోధుమరంగు పదార్థాలు ఏర్పడుతవని ప్రకటించినాడు. వేపుడులకు, దోసెకు, వేయించిన వేరుశెనగ గింజలకు ఆ రంగు, వాసన వచ్చేది ముఖ్యంగా ఈ చర్యవల్లనే. ఇది 140 డిగ్రీలు దాటిన తరువాత వేగంగా సాగుతుంది. నీటిలో ఉడికేది 100 డిగ్రీలు దాటదు గనుక, ఉడకబెట్టిన దుంపకు వేపుడు వాసన రాదు.

రంఫర్డ్ విడిచిన దారాన్ని ఆక్స్‌ఫర్డ్ భౌతికశాస్త్రవేత్త నికొలస్ కర్టీ అందుకున్నాడు. 1956లో పరమశూన్యానికి డిగ్రీలో పదిలక్షవ వంతు దూరం వరకు పదార్థాన్ని చల్లబరచిన ఈ శీతల పరిశోధకుడు, 1969లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో "వంటింటిలో భౌతికశాస్త్రవేత్త" అనే విషయంపై ఉపన్యసించినాడు. 1799లో ఆ సంస్థ స్థాపనకు కారకుడు రంఫర్డే. దూరగ్రహాల వాతావరణపు ఉష్ణోగ్రతలు తెలిసిన మనకు, మన పళ్ళెంలోని పదార్థం లోపల ఏమి జరుగుచున్నదో తెలియదని కర్టీ వాపోయినాడు. రంఫర్డ్ ప్రయోగాన్ని అతడు మళ్ళీ చేసి చూచినాడు. రెండు కిలోల గొర్రెమాంసాన్ని 80 డిగ్రీల వేడిమిలో ఎనిమిదిన్నర గంటలు ఉంచగా, లోపల, వెలుపల కూడా సుమారు 75 డిగ్రీలే ఉండి, మాంసం మృదువుగా ఉడికినది.

ఫ్రాన్సులో హెర్వే టిస్ అనే రసాయనశాస్త్రవేత్త 1980 మార్చి 16న ఇంటిలో జున్నుతో ఒక వంటకం చేయుచు, గ్రుడ్ల పచ్చసొనలు రెండేసి చొప్పున కలపవలెననే సూచనను లక్ష్యపెట్టలేదు. వంటకం సరిగా రాలేదు. ఆ సూచన నిజమా కాదా అని తేల్చబోయి, అతడు పాతగ్రంథాలలోని ఇట్టి వంటింటి నియమాలను వేలకొలది సేకరించి పరీక్షించటం మొదలుపెట్టినాడు. 1992లో ఇటలీలోని ఎరీచే పట్టణంలో శాస్త్రజ్ఞులు, వంటవారు కలిసి ఈ విషయాలపై సమావేశమైనారు. దాని నిర్వాహకులలో కర్టీ, టిస్ ఉన్నారు.

మన పప్పు, మన చింతపండు

తెలుగువారి వంటింటిలో కూడా పరీక్షకు నిలువదగిన నియమాలెన్నో ఉన్నవి. "పప్పు ఉడకకముందే పులుపు వేయవద్దు" అని పెద్దలంటారు. దీనిని పరీక్షించటం సులభం. ఒకే డబ్బాలోని కందిపప్పును నూరేసి గ్రాముల చొప్పున రెండు గిన్నెలలో తూచి పోయవలెను. ఒకదానిలో నీరు, రెండవదానిలో అంతే పరిమాణం గల చింతపండు పులుసు పోసి, రెంటినీ ఒకే కుక్కరులో పెట్టవలెను. వేడిమి, కాలం రెంటికీ ఒకటే గనుక తేడా వచ్చినచో అది పులుపువల్లనే. రెండవ గిన్నెలోని పప్పు పలుకుగా ఉండిపోతుంది. పప్పు కణాల గోడలను అతికి ఉంచే పెక్టిన్ అనే పదార్థం వేడినీటిలో కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. ఆమ్లం ఆ కరగటాన్ని మందగింపజేస్తుంది. కఠినజలంలోని కాల్షియం కూడా ఇట్టి పనే చేస్తుంది. అందుకే కొన్ని ఊళ్ళ బావినీటిలో పప్పు ఉడకదు. పెద్దల మాట ఇక్కడ నెగ్గినది.

ఉప్పు సంగతి వేరు. శనగలు, అలసందలు ఉప్పు తగిలితే ఉడకవని కొందరి నమ్మకం. కాని నానబెట్టే నీటిలో కొద్దిగా ఉప్పు వేస్తే అవి త్వరగానే మెత్తబడుతవి. ఉప్పులోని సోడియం, గింజలోని కాల్షియాన్ని కొంత తొలగించటమే ఇందుకు కారణం. ఇక్కడ నమ్మకం ఓడినది.

అయితే రుచి, మెత్తదనం మాత్రమే చూచే పరీక్షకు ఒక హద్దు ఉన్నది. పప్పులో వంటసోడా వేస్తే త్వరగా ఉడుకుతుంది. వంటింటి పరీక్షలో అది నెగ్గినట్లే. కాని క్షారం తగిలినచో థయమిన్ అనే బి విటమిను చాలభాగం నశిస్తుంది. ఆ నష్టం నాలుకకు తెలియదు. బియ్యాన్ని పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోసినప్పుడు నీటిలో కరిగి పోయేది కూడా ఈ విటమినే. ఇట్టి నష్టాలను కొలవటానికి ప్రయోగశాల కావలెను. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందిన పరిశోధనాలయం మన ఆహారపదార్థాల పోషకవిలువలను లెక్కకట్టుచున్నది. 2017లో ఆ సంస్థ ప్రకటించిన భారతీయ ఆహార పట్టికలు ఇట్టి కృషికి ఫలితం.

లీబిగ్ వంటివాని మాట పరీక్షకు నిలువలేదు. పేరు తెలియని ఏ ముత్తవ్వయో చెప్పిన పప్పు నియమం నిలిచినది. చెప్పినది ఎవరన్నది ఈ రెండింటిలోనూ తీర్పు కాలేదు. కొత్త వంటకం చేసి చూచేవారు ఒక చిన్న త్రాసు, ఒక గడియారం దగ్గర ఉంచుకొని, ఒక్కొక్కసారి ఒక్కటి మాత్రమే మార్చి, వచ్చిన ఫలితాన్ని తేదీతో వ్రాసిపెట్టుకుంటే చాలును. ఆ కాగితం చూచి మరియొక ఇంటివారు అదే వంటకాన్ని అదే రుచితో చేయగలిగిననాడు, "చేతి మహిమ" అనుకున్న దానిలో ఎంతో భాగం అందరికీ అందుబాటులోనికి వస్తుంది.